ఎండాకాలం నైట్ షిఫ్టులో మెలటోనిన్ వేసుకునేవాళ్ళకి

ఏప్రిల్, మే నెలల్లో నైట్ షిఫ్ట్ పడినవాళ్ళు ముందు ఈ ఒక్క మాట వినండి. గచ్చిబౌలిలో లాగవుట్ అయ్యి, క్యాబ్ ఎక్కగానే మెలటోనిన్ మాత్ర వేసుకోకండి. ఇల్లు చేరేసరికి నిద్ర ముంచుకురావాలని నేనూ ఒక వేసవంతా అలాగే చేశాను. మే నెలలో మన దగ్గర ఆరు కాకముందే పొద్దు పొడుస్తుంది. ఉప్పల్ దాకా దారంతా ఎండ ఎదురుగా కళ్ళల్లోనే.

మెలటోనిన్‌ని నిద్రమాత్ర అనుకుంటాం. నిజానికి అది ఒంటికి చీకటి పడిందని చెప్పే కబురు. రక్తంలో తిరిగేది మెదడులోని పీనియల్ గ్రంథి నుంచి వస్తుంది. కంటి వెనక వెలుగును పట్టే పొర, రెటీనా కూడా రాత్రిపూట తన మట్టుకు కొంత తయారు చేసుకుంటుంది. అక్కడ పగలు డోపమైన్ అనే ఇంకో రసాయనానిది పైచేయి, రాత్రి మెలటోనిన్‌ది. వెలుగును పట్టే కణాలు ఈ కబురు అందుకుని మసక వెలుతురుకి సిద్ధమవుతాయి. అలా సిద్ధమైన కంటి మీద తీవ్రమైన వెలుగు పడితే? తెల్ల ఎలుకల మీద ఇది చూశారు. మెలటోనిన్ ఇచ్చినవాటిలో ఆ కణాలు ఎక్కువ దెబ్బతిన్నాయని 1992లో బయటపెట్టారు. తెల్ల ఎలుక కంట్లో మనకున్న నల్లని రంగు పొర ఉండదు కాబట్టి టెన్షన్ పడకండి. కానీ కంటికి ఒకేసారి రాత్రనీ పగలనీ చెప్పడం ఎందుకు?

ఇల్లు చేరి, స్నానం, టిఫిన్ అయ్యాక, దళసరి కర్టెన్లు మూసి, పడుకోబోయేముందే మాత్ర వేసుకోండి. ఆ తర్వాత ఫోన్ ముట్టుకోవద్దు. రెటీనాలో మెలనాప్సిన్ అనే, వెలుగును పసిగట్టే పదార్థం ఉన్న కణాలు కొన్ని ఉంటాయి. 480 నానోమీటర్ల దగ్గరి నీలి వెలుగు పడితే అవి మెదడుకి పగలని చెప్పేస్తాయి. క్యాబ్‌లో వెనక కూర్చుంటే నల్ల కళ్ళద్దాలు పెట్టుకోండి. బైక్ మీద వెళ్ళేవాళ్ళు మాత్రం అవి పెట్టుకుంటే మగత పెరగొచ్చు, జాగ్రత్త.

మోతాదు ఎక్కువైతే నిద్ర ఎక్కువ పడుతుందనుకుని 10 మిల్లీగ్రాములతో మొదలుపెట్టకండి. వార్ఫరిన్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు), ఫ్లూవోక్సమిన్ (డిప్రెషన్ లాంటివాటికి ఇచ్చే మందు) వాడేవాళ్ళు, గర్భిణులు డాక్టర్‌ని అడగకుండా అసలు ముట్టుకోవద్దు. షుగర్ వల్ల రెటీనా ఇప్పటికే పాడైనవాళ్ళు ముందు కళ్ళు చూపించుకోండి; మెహిదీపట్నంలో సరోజినీ దేవి ప్రభుత్వ కంటి ఆసుపత్రి ఉంది.

పొద్దున పది గంటలకే బ్యాంకు పనో, పిల్లల స్కూల్ మీటింగో ఉందనుకోండి, ఆ రోజు మాత్ర మానేయండి. నిదానంగా కరిగే రకమైతే అప్పటికి ఇంకా రక్తంలోనే ఉంటుంది.