ఫ్రాన్సు పాత చర్చి వయసు గోడ చూసి కనుక్కోవడం ఎలా

ఫ్రాన్సు పల్లెల్లో చర్చి గుమ్మం పక్కన "12వ శతాబ్దం" అని చిన్న పలక కనిపిస్తుంది. అది అబద్ధం కాదు గానీ, గుడి మొత్తానికీ వర్తించదు. బలిపీఠం ఉన్న తూర్పు కొస ఒక కాలంది, జనం కూర్చునే నిడుపాటి హాలు ఇంకో కాలంది, గంటల గోపురం మరో కాలంది కావడమే మామూలు. అందుకని "ఈ చర్చి ఎప్పటిది" అనడం కంటే "ఈ గోడ ఎప్పటిది" అని అడిగితే సరైన జవాబు దొరుకుతుంది. కడప నుంచో కర్నూలు నుంచో చదువుకు, ఉద్యోగానికి అక్కడికి పోయేవాళ్లు ఈ పద్ధతిలో ఒక విచారణ చర్చిని, అంటే ఒక ఊరి క్రైస్తవులందరి చర్చిని, గంటన్నరలో చదివేయొచ్చు.

ముందు నాలుగు పేర్లు తెలియాలి. హాలును నెఫ్ అంటారు, దాని పక్క వసారాలను బా-కోతే అంటారు. బలిపీఠం ఉండే చోటు కోర్, ఆ కొసను బయటి నుంచి చూస్తే షవే. గోపురం పేరు క్లోషే. అక్కడి బోర్డులన్నీ ఈ మాటలతోనే ఉంటాయి. శతాబ్దాలను రోమన్ అంకెల్లో రాస్తారు.

ప్రయాణానికి ముందు గండికోటలో ఒక పూట గడపండి. మాధవరాయ స్వామి గుడిలో స్తంభం మీద దూలం, దూలం మీద బండ. మన మట్టి మిద్దెల్లో దంతెలు మోసినట్టే బరువు నిట్టనిలువుగా కిందికి దిగుతుంది. పక్కనే మసీదులో కమానులు, ధాన్యాగారంలో కమాను కప్పు. కమాను బరువు కిందికే కాదు, పక్కలకూ తోస్తుంది. ఆ తోపుకు గోడ బయటికి ఒరుగుతుంది. గోడను మందం చేయాలి, లేదా బయట ఆనుడు కట్టాలి. ఈ ఒక్క సంగతి బుర్రకెక్కితే ఫ్రెంచి చర్చి సగం అర్థమైనట్టే.

సుమారు 1000 నుంచి 1150 వరకు కట్టిన రోమనెస్క్ శైలి గోడలు అందుకే అంత మందం. తరచూ మీటరు, ఇంకా పైనే. కిటికీలు చిన్నవి, పైన గుండ్రంగా ఉంటాయి. బయట జానెడు సందులా కనిపించినా, వెలుతురు పరుచుకునేలా లోపలి వైపు వెడల్పవుతాయి. గోడకు ఆనించిన పట్టీలు పలచగా ఉంటాయి. ఆ తర్వాత గోతిక్ శైలి వచ్చింది. పారిస్ దగ్గరి సాన్ దెనీ చర్చి తూర్పు కొసను 1140-1144 మధ్య కట్టారు, మొదటి మైలురాయిగా దాన్నే లెక్కిస్తారు. మొనదేరిన కమాను పక్కకు తక్కువ తోస్తుంది. కప్పు కింది రాతి నరాలు బరువును మూలలకు చేరుస్తాయి. అక్కడ బయటి నుంచి ఆనుడు కడితే చాలు, మధ్యలో గోడ తీసేసి పెద్ద కిటికీ పెట్టుకోవచ్చు.

పనిముట్లు ఎక్కువ అక్కర్లేదు. దిక్సూచి, బైనాక్యులర్, టార్చి, 5 మీటర్ల టేపు. పొద్దున్నే గానీ సాయంత్రం గానీ వెళ్లండి, ఏటవాలు ఎండలో ఉలి గాట్లు తేటగా కనిపిస్తాయి. మధ్యాహ్నపు ఎండలో రాయి చదునుగా, మూగగా ఉంటుంది. తలుపు తాళం వేసి ఉంటే మెరీలో అడగండి. మెరీ అంటే మరియమ్మ కాదు, మన పంచాయతీ ఆఫీసు లాంటిది. 1905 డిసెంబరు 9 నాటి చట్టంతో ప్రభుత్వం, మతం వేరయ్యాయి. అంతకుముందు కట్టిన విచారణ చర్చిలు చాలావరకు ఊరి ఆస్తే కాబట్టి తాళంచెవి తరచూ అక్కడే ఉంటుంది.

లోపలికి పరుగెత్తకండి. ముందు దిక్సూచి చూసుకోండి. మధ్యయుగపు చర్చి షవే దాదాపుగా తూర్పుకే ఉంటుంది. వేరే దిక్కుకు ఉంటే, వీధి ఇరుకు వల్ల అలా కట్టారా, 19వ శతాబ్దంలో కొత్తగా లేపారా అని అనుమానించాలి. తర్వాత షవే దగ్గర మొదలుపెట్టి గోడ వెంబడి ఒక చుట్టు తిరగండి. ప్రదక్షిణే అనుకోండి, కాకపోతే ఎటు తిరిగినా పర్లేదు.

కోర్, నెఫ్ కలిసే చోట ఆగండి. అసలు విషయం అక్కడే ఉంది. రాళ్ల వరసలు ఒకదాంట్లో ఒకటి అల్లుకుని పోకుండా, పైనుంచి కింది దాకా నిలువు గీతలా తెగి ఉంటే, దాన్ని ఫ్రెంచి మేస్త్రీలు "కూ ద సాబ్ర్", అంటే కత్తివేటు అంటారు. పాత గోడకు తర్వాత కొత్త గోడ ఆనించిన గుర్తు అది. మన బేల్దారి మేస్త్రీకి ఫోటో చూపించినా ఇట్టే చెప్పేస్తాడు. ఏది పాతదో తేల్చాలంటే మూలరాళ్లు చూడాలి. చక్కగా చెక్కిన మూలరాళ్లు ఉన్న వైపు ఒకప్పుడు బయటి అంచు, కాబట్టి అదే ముందుది.

కోర్, నెఫ్ వయసులు ఇంతగా ఎందుకు వేరవుతాయంటే, ఖర్చు పెట్టేవాళ్లు వేరు. పంటలో దశమ భాగం వసూలు చేసుకునే మఠమో పీఠమో కోర్ మరమ్మతు చూసుకోవాలి, నెఫ్ బాధ్యత విచారణ జనానిది. 1695 ఏప్రిల్ రాజశాసనం దీన్ని ఖాయం చేసింది. మఠం పిసినారిదైతే 12వ శతాబ్దపు కోర్ అలాగే మిగిలిపోయేది. ఊరు కలిగిందైతే నెఫ్‌ను కూల్చి పెద్దది కట్టుకునేది. రెండు చోట్లా ఒకే శైలి కనిపిస్తే, ఇద్దరి దగ్గరా ఒకేసారి డబ్బుందా, లేక 19వ శతాబ్దంలో అంతా కొత్తగా కట్టారా అని చూడాలి. రెండోదే ఎక్కువసార్లు నిజమవుతుంది.

ఈ అతుకులు ఫోటోల్లోనే చూడాలనుకునేవాళ్లకు పారిస్‌లోని సాన్ జెర్మాన్ దే ప్రే బాగుంటుంది. అప్పట్లో మఠం గుడి, ఇప్పుడు విచారణ చర్చి. పడమటి గోపురం కింది భాగం సుమారు 1000 నాటిది, నెఫ్ 11వ శతాబ్దానిది. కోర్‌ను 1163లో మూడో అలెగ్జాండర్ పోపు ప్రతిష్ఠించారు. నెఫ్ మీది రాతి కప్పు మాత్రం 17వ శతాబ్దంలో వచ్చింది, అంతకుముందు చెక్క కప్పే. అంటే కింద గోడ రోమనెస్క్, నెత్తిన కప్పు దానికంటే ఆరు వందల ఏళ్లు చిన్నది.

తప్పులు జరిగేది ముఖ్యంగా మూడు చోట్ల. మొనదేరిన కమాను కనబడగానే గోతిక్ అనేస్తారు. బుర్గుండి ప్రాంతంలో క్లూనీ మఠం 1088లో మొదలుపెట్టిన పెద్ద చర్చిలోనే మొన కమానులున్నాయి, అది మాత్రం రోమనెస్క్. కాబట్టి కమాను ఒక్కటి చాలదు. కిటికీ, గోడ మందం, కప్పు నరాలు కలిపి చూడాలి. రెండోది, కిటికీని బట్టి గోడకు తేదీ వేయడం. వెలుతురు చాలక పాత గోడలకు తర్వాత పెద్ద కిటికీలు కొట్టారు. కిటికీ చుట్టూ రాళ్ల వరస చెదిరి, చిన్న చిన్న ముక్కలతో పూడ్చినట్టుంటే కిటికీ గోడకంటే కొత్తది. మంట నాలుకల్లా వంకీలు తిరిగిన రాతి జాలీ ఉంటే 15వ శతాబ్దం, 16వ మొదలు అనుకోవచ్చు. ఇంగ్లండుతో సాగిన నూరేళ్ల యుద్ధం 1453లో ముగిశాక ఊళ్లు కోలుకుని చర్చిలు బాగుచేసుకున్న కాలం అది.

మూడోది గంట. గంట మీద పోతపోసిన సంవత్సరం, గంట పేరు, దాని జ్ఞానస్నానపు తల్లిదండ్రుల పేర్లు ఉంటాయి (అవును, గంటకూ ఉంటారు). ఆ సంవత్సరం గోపురానిది కాదు. ఫ్రెంచి విప్లవ కాలంలో 1793 జులై 23 నాటి శాసనం విచారణకు ఒక్క గంటే వదిలి మిగతావి ఫిరంగులకు కరిగించమంది. అందుకే చాలా ఊళ్లలో గంటలు 19వ శతాబ్దానివి.

గోపురం దగ్గర చూడాల్సింది ఇంకోటి. నెఫ్ కప్పుకు ఆనిన వైపు, ఇప్పటి కప్పుకు కిందో పైనో, తలకిందులైన "వి" ఆకారంలో గీత కనిపిస్తే అది పాత కప్పు జాడ. నెఫ్ ఎంత లేచిందో, ఎంత తగ్గిందో టేపు లేకుండానే తెలిసిపోతుంది.

19వ శతాబ్దపు పని పట్టడం తేలికే. కిటికీలన్నీ ఒకే కొలత, స్తంభాల తలలన్నీ ఒకే అచ్చు, అంచులు చాకులా పదును. ముఖం నిండా పళ్లున్న సుత్తితో కొట్టిన సన్నని చుక్కలు రాయి అంతటా సమానంగా పరుచుకుని ఉంటే అనుమానం అక్కర్లేదు. సిమెంటు పూసిన అతుకులైతే ఇంకా ఇటీవలివి. సున్నం అతుకు చెమ్మను బయటికి వదిలేది. సిమెంటు ఆ దారి మూసేస్తే చెమ్మ రాయిలోంచే రావాలి, ఉప్పు పేరుకుని రాయి ముఖం పొరలుగా రాలుతుంది. సిమెంటు గట్టిగా ఉండి రాళ్లు గుంటలు పడ్డ గోడ కనిపిస్తే కారణం ఇదే.

గోడ చదివాక కాగితాలు. ముందే చదివితే కన్ను కాగితంలో ఉన్నదాన్నే వెతుకుతుంది. ఫ్రెంచి సాంస్కృతిక శాఖ వారి మెరిమే జాబితాలో ఊరి పేరుతో వెతకండి, రక్షిత కట్టడమైతే భాగాల వారీగా శతాబ్దాలు ఇస్తారు. జిల్లా అభిలేఖాగారంలో 1790కి ముందువి 'జీ' వరసలో, 19వ శతాబ్దపు మరమ్మతులు 'వీ', 'ఓ' వరసల్లో ఉంటాయి. ముందుగా 'ఓ' తెరవండి. ఊరు పెట్టిన ఖర్చు, మేస్త్రీ అంచనా, కొన్నిసార్లు పాత గోడ కూల్చకముందు గీసిన నక్ష కూడా అందులోనే దొరుకుతుంది.