మోటర్‌హోమ్ అల్లాయ్ చక్రాలకు టైర్ ప్రెషర్ సెన్సర్లు బిగించుకోవడం ఎలా?

మన దగ్గర దాబా ముందు లారీ ఆగగానే క్లీనర్ కిందికి దిగి, ఇనుప రాడ్డుతో ఒక్కో టైరునూ కొట్టుకుంటూ వెళ్తాడు. గాలి దిగిన టైరు మోగదు, చప్పగా పలుకుతుంది. అమెరికాలో ట్రక్కు డ్రైవర్లు కూడా ఇదే పని చేస్తారు. పూర్తిగా దిగిపోయిన టైరును పట్టుకోవడానికి ఆ దెబ్బ చాలు. కానీ 80 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) ఉండాల్సిన టైరులో 62 మాత్రమే ఉంటే ఏ రాడ్డూ చెప్పలేదు. మోటర్‌హోమ్‌కు, అంటే లోపల ఇల్లులా ఉండే బండికి, సెన్సర్లు పెట్టుకునేది ఈ సంగతి తెలుసుకోవడానికే.

ముఖ్యంగా వెనక జంట టైర్లున్న బండికి. జంటలో లోపలి టైరు మెల్లగా గాలి కోల్పోతుంటే స్టీరింగ్‌లో ఏమీ తెలియదు. పక్క టైరు తన బరువుతో పాటు దాని బరువు కూడా మోస్తూ పోతుంది. కాసేపటికి రెండూ వేడెక్కుతాయి. టైరు విడిపోయిందంటే నష్టం టైరుతో ఆగదు. హైవే వేగంలో ఆ రబ్బరు ముక్కలు చక్రం పైనున్న నేలను చీల్చి, అక్కడి నీళ్ల పైపులనూ వైర్లనూ తెంపేస్తాయి.

కార్లలో ఉన్నప్పుడు ఇంత పెద్ద బండిలో కంపెనీయే ఎందుకు పెట్టదని చాలామంది అడుగుతారు. అమెరికాలో 2000లో వచ్చిన ట్రెడ్ చట్టం వల్ల, 2007 సెప్టెంబర్ నుంచి తయారైన కొత్త కార్లన్నిటికీ టైర్ ప్రెషర్ హెచ్చరిక తప్పనిసరైంది. కానీ ఆ నియమం మొత్తం బరువు 10,000 పౌండ్లు మించని బండ్లకే. వెనక జంట చక్రాలుంటే అసలే వర్తించదు. అద్దెకు తీసుకుని ఎల్లోస్టోన్ వెళ్లే మన కుటుంబాలకు బాగా తెలిసిన, డ్రైవర్ తల మీద బెడ్డుండే సీ క్లాస్ మోటర్‌హోమ్‌లు ఎక్కువగా ఫోర్డ్ ఈ-450 ఛాసీ (బండి అడుగు చట్రం) మీద కట్టినవే. వాటి మొత్తం బరువు 14,500 పౌండ్ల దాకా ఉంటుంది, కాబట్టి సెన్సర్ల సంగతి ఓనరే చూసుకోవాలి. ఇక్కడ ఆ ఈ-450నే ఉదాహరణగా తీసుకుంటున్నాను: 16 అంగుళాల చక్రాలు, ఎల్‌టీ225/75ఆర్16 టైర్లు, ముందు రెండు, వెనక నాలుగు.

మొదట చక్రం మీద ఏం రాసుందో చూడండి

సెన్సర్లు ఆర్డర్ పెట్టే ముందు, అల్యూమినియం (అల్లాయ్) చక్రం మీద ముద్రించిన గరిష్ఠ బరువు, గరిష్ఠ ప్రెషర్ చదవండి. ఈ సైజులో లోడ్ రేంజ్ (మోసే బరువు తరగతి) 'E' రకం టైరు 80 పీఎస్ఐ దగ్గర ఒంటరిగా ఉంటే 2,680 పౌండ్లు, జంటలో ఉంటే 2,470 పౌండ్లు మోస్తుంది. చక్రం అంతకన్నా తక్కువది అయితే సెన్సర్లు పెట్టి లాభం లేదు, చక్రాలే మార్చాలి. బోల్టు రంధ్రాలు సరిపోయాయి కదా అని పికప్ ట్రక్కు అల్లాయ్‌లు కొనేసేవాళ్లు ఈ రెండు అంకెలు చూడరు.

రెండోది, ఆరు చక్రాలూ అల్యూమినియమేనా? లోపలివి ఎటూ కనిపించవు కాబట్టి బయటి నాలుగే మార్చి, ఆ రెండింటినీ స్టీలువే ఉంచడం మామూలు. అందులో తప్పేమీ లేదు. కానీ స్టీలు చక్రం వాల్వ్ రంధ్రం, అల్లాయ్ చక్రం వాల్వ్ రంధ్రం ఒకే సైజులో ఉండాలని లేదు. కార్ల తరహా చక్రాల్లో అది 0.453 అంగుళం, అంటే 11.5 మిల్లీమీటర్లు ఉంటుంది. ట్రక్కుల తరహావాటిలో 0.625 అంగుళం కనిపిస్తుంది. కంటితో అంచనా వేయకుండా వెర్నియర్‌తో కొలిచి, ఏ చక్రానికి ఎంతో రాసి పెట్టుకోండి.

అసలు పని వాల్వ్ దగ్గరే

సెన్సర్ ఏ బ్రాండుదైనా ఒక మోస్తరుగా పనిచేస్తుంది. గాలి పోయేది సెన్సర్ నుంచి కాదు, దాన్ని మోసే వాల్వ్ నుంచి. అందుకే సెన్సర్ల మీద పెట్టే డబ్బులో కొంత తగ్గించుకునైనా మంచి వాల్వ్‌లు కొనమంటాను.

కారుకుండే మామూలు రబ్బరు వాల్వ్ 65 పీఎస్ఐ వరకే. మన టైర్లకు 80 కావాలి. హై ప్రెషర్ రబ్బరు వాల్వ్‌లు ఉన్నా, వాటి చివర టోపీలా ఉండే సెన్సర్ బిగిస్తే చక్రం తిరిగేటప్పుడు ఆ బరువు వాల్వ్‌ను బయటికి లాగుతూనే ఉంటుంది. రబ్బరు మొదట్లో పగుళ్లిస్తుంది. కాబట్టి నట్టుతో బిగించే లోహపు వాల్వ్‌లే వేయించండి.

లోహమంటే ఏ లోహం? అల్యూమినియం, ఇత్తడి ఒకదానికొకటి తగిలి ఉన్నచోట తేమ, ముఖ్యంగా మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు చేరితే, అల్యూమినియం తినేసుకుపోతుంది. వాల్వ్ కాడ అల్యూమినియందైతే దాని లోపలి పిన్ను నికెల్ పూత ఉన్నదే కావాలి. మామూలు ఇత్తడి పిన్ను వేస్తే కొన్నాళ్లకు అతుక్కుపోయి, విప్పబోతే కాడే విరుగుతుంది. ఇత్తడి మరలున్న సెన్సర్ టోపీని అల్యూమినియం కాడకు బిగించినా ఇదే గొడవ. నికెల్ పూత పూసిన ఇత్తడి కాడ వేయించుకుంటే రెండు తలనొప్పులూ తప్పుతాయి. అప్పుడు కూడా మరల మీద, అవి పట్టేయకుండా ఉంచే యాంటీ సీజ్ పేస్టు ఒక చుక్క రాయండి. చుక్కంటే చుక్కే, లోపలి రంధ్రంలోకి పోకూడదు.

వాల్వ్ కూర్చునే చోటును దగ్గరగా టార్చి వేసి చూడండి. కొత్త అల్లాయ్ చక్రాలకు పౌడర్ కోటింగ్ చేసేటప్పుడు రంధ్రం అంచున రంగు గడ్డకట్టి చిన్న గట్టులా నిలబడుతుంది. వేలిగోటితో గీస్తే తగులుతుంది. రబ్బరు వాషర్ ఆ గట్టు మీద కూర్చుంటే మొదటి రోజు గాలి నిలుస్తుంది, బండి వేడెక్కి చల్లారడం మొదలయ్యాక రంగు పెచ్చు లేచి సన్నగా కారుతుంది. సన్నని ఎమెరీ కాగితంతో ఆ గట్టు వరకే తీసేయమని టైర్ల షాపు అతనికి చెప్పండి. వాషర్ ప్రతిసారీ కొత్తదే వేయాలి.

వెనక జంటకు ఇంకో చిక్కుంది. లోపలి చక్రం వాల్వ్ పొడవాటి కాడతో బయటి చక్రంలో ఉండే కిటికీ లాంటి రంధ్రం గుండా రావాలి. బయటి చక్రం తిరగేసి బిగిస్తారు కాబట్టి దాని వాల్వ్ లోపలి వైపుకు ఉండి, వంపు తిరిగి బయటికి రావాలి. రెండు వాల్వ్‌లూ ఎదురెదురుగా, అంటే సగం చుట్టు దూరంలో ఉండేలా చక్రాలను బిగించమనండి. అల్లిన తీగ చుట్టిన మెత్తటి ఎక్స్‌టెన్షన్ గొట్టాలు చవకే కానీ, ప్రతి అతుకూ గాలి పోయే చోటే. ఒకే ముక్కగా ఉండే పొడవు కాడలు దొరికితే వాటినే తీసుకోండి.

బయటి టోపీయా, లోపలి సెన్సరా?

బయట వాల్వ్‌కు టోపీలా బిగించే సెన్సర్‌కు టైరు విప్పక్కర్లేదు, బ్యాటరీ మీరే మార్చుకోవచ్చు. వీటిలో గాలి కొట్టాలంటే విప్పాల్సిన రకం ఒకటి, బిగించే ఉంచి గాలి కొట్టగలిగే రకం ఇంకొకటి. రెండోది సౌకర్యమే, కాకపోతే పొడవు, బరువు ఎక్కువ. పొడవాటి కాడ చివర పెడితే కాడ ఊగకుండా ఆనుకునే క్లిప్పు తప్పనిసరి.

లోపలి సెన్సర్ వాల్వ్ అడుగున ఉంటుంది, లేదా స్టీలు పట్టీతో రిమ్ము చుట్టూ కట్టి ఉంటుంది. దొంగల భయం లేదు, టైరు లోపలి అసలు వేడి తెలుస్తుంది. కానీ బ్యాటరీ అయిపోతే టైరు విప్పాల్సిందే. నా ఓటు ఇలా: కొత్త టైర్లు, కొత్త చక్రాలు ఒకేసారి వేయిస్తుంటే లోపలివి, చక్రాలు ఇప్పటికే బిగించి ఉంటే బయటి టోపీలు.

ప్రోమాస్టర్ 3500 లాంటి చిన్న వ్యాన్ మీద కట్టిన మోటర్‌హోమ్ మీకుంటే, అది 10,000 పౌండ్ల లోపే కాబట్టి కంపెనీ సెన్సర్లు ముందే ఉంటాయి. కొత్త అల్లాయ్‌కు రంధ్రం సరిపోతే వాటినే మార్చి వేయించవచ్చు. కొత్తవి కొంటే బండి రిసీవర్ పనిచేసే ఫ్రీక్వెన్సీవే కొనాలి. అమెరికా బండ్లలో 315 మెగాహెర్ట్జ్, 433 మెగాహెర్ట్జ్ రెండూ ఉన్నాయి. ఒకదాని మాట ఇంకొకటి వినదు.

టోపీ సెన్సర్లు బిగించడం

తెల్లవారుజామున, బండి కదలకముందు మొదలుపెట్టండి. మంచి గేజీతో ఆరు టైర్లలోనూ ప్రెషర్ సరిచేయండి. ఎంత ఉండాలన్నది టైరు పక్కన ముద్రించిన గరిష్ఠ అంకె చూసి కాదు, డ్రైవర్ తలుపు దగ్గరి స్టిక్కర్ చూసి నిర్ణయించాలి. ఇంకా మంచిది, నీళ్లు, సామాను, మనుషులు అందరితో ట్రక్ స్టాప్‌లో లారీలను తూచే క్యాట్ స్కేల్ మీద తూకం వేయించి, టైరు కంపెనీ పట్టికతో పోల్చుకోవడం.

తర్వాత డిస్‌ప్లేను ఆన్ చేసి, ఒక్కో సెన్సర్‌ను దాని చోటుకు జత చేయండి. ఇది కుర్చీలో కూర్చుని చేసే పని కాదు. చాలా సెన్సర్లు ప్రెషర్ తగిలితేనే నిద్ర లేస్తాయి, కాబట్టి చక్రం దగ్గర ఒకరు, డిస్‌ప్లే దగ్గర ఒకరు ఉంటే సులువు. సెన్సర్ల మీద నంబర్లు లేకపోతే "వెనక ఎడమ లోపల" అని మార్కర్‌తో రాసుకోండి. జంటలో లోపలిదీ బయటిదీ తారుమారైతే, అలారం మోగిన రోజు మంచి టైరును విప్పుతారు.

టోపీని చేత్తోనే బిగించండి, పానా వద్దు. లోపలి చక్రం కాడ దగ్గర వేళ్లు తిరగడానికి చోటు చాలకపోతే ముందు కాడను కిటికీ మధ్యకు సరిచేసుకోవాలి, బలవంతంగా తిప్పితే మరలు వంకరగా ఎక్కుతాయి. బిగించాక సబ్బు నీళ్లు చల్లండి. పెద్ద బుడగ వస్తే అందరికీ కనిపిస్తుంది. మీరు వెతకాల్సింది కాడ మొదట్లోనో టోపీ అంచునో మెల్లగా పేరుకునే తెల్లటి నురగ కోసం. రెండు నిమిషాలు ఓపిగ్గా చూడండి.

లోపలి సెన్సర్లయితే

ఇది టైర్ల షాపు పని. మీరు పక్కన నిలబడి చూడాల్సినవి కొన్నే. సెన్సర్ దిమ్మ రిమ్ము మధ్యలోని పల్లంలో ఒదిగిపోవాలి. టైరు అంచు కూర్చునే గట్టు కన్నా పైకి లేస్తే టైరు ఎక్కించేటప్పుడే పగులుతుంది. అల్లాయ్ చక్రాల్లో వాల్వ్ రంధ్రం వాలు, పల్లం లోతు ఒక్కో మోడల్‌కూ ఒక్కో రకం కాబట్టి, టైరు వేయకముందే ఒక చక్రానికి పెట్టి చూడమనండి. సరిపోకపోతే పట్టీ రకానికి మారాలి. నట్టును టార్క్ రెంచ్‌తో, సెన్సర్ కంపెనీ చెప్పినంతే బిగించాలి. సాధారణంగా అది 4 నుంచి 8 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది, అంటే చాలా తక్కువ. నట్లు బిగించే గన్ను పెడితే వాషర్ చితికిపోతుంది.

చక్రాన్ని మళ్లీ బ్యాలెన్స్ చేయాలి. బరువులు అంటించే రకంవి అయితే అల్లాయ్ అంచు పాడవదు. బ్యాలెన్స్ కోసం టైరులో పూసలో పొడో పోయించే అలవాటుంటే, ఫిల్టర్ ఉన్న వాల్వ్ పిన్నులు వేయించండి. పంక్చర్ మూసే సీలెంట్ మాత్రం వద్దు, సెన్సర్ చిన్న రంధ్రం మూసుకుపోతుంది. కొన్ని సెన్సర్లు చక్రం తిరిగితేనే మేల్కొంటాయి. షాపులోనే డిస్‌ప్లే ఖాళీగా ఉందని టెన్షన్ పడకుండా ఒక చుట్టు తిప్పుకు రండి.

అలారం ఎక్కడ పెట్టాలి?

కార్ల నియమం ప్రకారం ప్రెషర్ 25 శాతం తగ్గితే దీపం వెలగాలి. 80కి లెక్కేస్తే అది 60. నిండుగా బరువున్న జంట టైరుకు అప్పటికే ఆలస్యం. తక్కువ హద్దును 70–72 దగ్గర, ఎక్కువ హద్దును 100 దగ్గర పెట్టుకోండి. ఎండాకాలం హైవే మీద 80 కాస్తా 92 దాటడం మామూలే. దాన్ని చూసి గాలి తీసేయకండి, సాయంత్రం చల్లారాక తక్కువైపోతుంది.

వాతావరణం కూడా అంకెలను కదిలిస్తుంది. ఈ ప్రెషర్ దగ్గర ప్రతి 10 డిగ్రీల ఫారెన్‌హీట్‌కూ దాదాపు 1.8 పీఎస్ఐ తేడా వస్తుంది. డాలస్‌లో ఉదయం 80 డిగ్రీల వేడిలో 80 పెట్టుకుని బయల్దేరి, ఎల్లోస్టోన్ సరస్సు దగ్గర 35 డిగ్రీల చలిలో నిద్ర లేచారనుకోండి. చలి వల్ల ఎనిమిది దాకా తగ్గుతుంది. అక్కడ ఎత్తు 7,700 అడుగులు, బయటి గాలి పలచన, కాబట్టి గేజీలో మూడున్నర దాకా తిరిగొస్తుంది. డిస్‌ప్లేలో 75 దగ్గర కనిపిస్తుంది. ఆరు టైర్లూ కలిసి తగ్గితే అది చలి. ఒక్కటే తగ్గితే మేకు.

ఇక వేడి హద్దు. చాలా కిట్లలో అది 158 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర ముందే పెట్టి ఉంటుంది. అలాగే ఉంచండి. టోపీ సెన్సర్ బయటి గాలి తగిలే చోట ఉంటుంది కాబట్టి టైరు అసలు వేడి కన్నా తక్కువే చూపిస్తుంది. దాని అంకెను పక్క టైరుతో పోల్చి చూడడమే ఉపయోగం.

బండి 30 అడుగుల పైన ఉంటే, లేదా వెనక కారు లాక్కెళ్తుంటే, సెన్సర్ల సిగ్నల్‌ను అందుకుని ముందుకు పంపే రిపీటర్ ఒకటి వెనక భాగంలో పెట్టించండి. నడుస్తుండగా వెనక టైర్ల అంకెలు గంటసేపు అటూ ఇటూ కదలకుండా ఉన్నాయంటే అది మంచి టైరు లక్షణం కాదు, సిగ్నల్ అందట్లేదని అర్థం.

చక్రాలు విప్పి బిగించి ఉంటే 50–100 మైళ్లు తిరిగాక నట్లను టార్క్ రెంచ్‌తో మళ్లీ చూడాలి, అల్యూమినియానికి ఇది తప్పదు. ఆ రోజే వాల్వ్ మొదట్లో ఇంకోసారి సబ్బు నీళ్లు చల్లండి. లోపలి సెన్సర్లు ఉంటే ఆ సంగతి బండి తలుపు దగ్గర స్టిక్కర్ మీద రాసి అంటించండి. దారిలో పంక్చర్ వేసే అతను టైరు విప్పే మెషీన్‌ను వాల్వ్‌కు ఎదురు వైపు పెట్టాలి, అది అతనికి బయటి నుంచి కనిపించదు.