పేజీ తిప్పే ముందు కాస్త ఆగండి

బెంగళూరులో మన పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో ఇంగ్లీషు, కన్నడ చదువుతారు. తెలుగు పుస్తకం చేతికిస్తే మాత్రం బిక్కమొహం వేస్తారు. అందుకే ముందు బొమ్మలతో మొదలుపెట్టండి. ఈ ఊళ్లోనే ఉండి పిల్లల పుస్తకాలు వేసే ప్రథమ్ బుక్స్ వాళ్లు 2015లో తెచ్చిన స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగు బొమ్మల కథలు ఉచితంగా దొరుకుతాయి. మొదటి స్థాయివైతే పేజీకి ఒకటి రెండు వాక్యాలే.

పేజీ తిప్పే ముందు ఆగి, "ఇప్పుడేమవుతుందంటావ్?" అని అడగండి. జవాబు తప్పైనా సరిదిద్దకండి, తిప్పి వాళ్లనే చూసుకోనివ్వండి. నాకు బాగా నచ్చిన ప్రశ్న ఇంకోటుంది. బొమ్మలో ఓ మూల నిలబడ్డ పాపను చూపించి, "ఈ పాపకి ఎలా అనిపిస్తోందో?" అనండి. మా అమ్మాయి ఒకసారి "దాన్నెవరూ ఆటకి పిలవలేదమ్మా" అంది. కథలో ఆ మాటే లేదు! అవతలివాళ్ల మనసు తెలుసుకోవడం అలా మొదలవుతుంది.

ఏ పుస్తకం చదవాలో వాళ్లనే ఎంచుకోనివ్వండి. అదే కథ మళ్లీ మళ్లీ అడిగినా విసుక్కోకండి. ముగింపు నచ్చలేదంటే మార్చి చెప్పమనండి. మీరు రాసిపెట్టండి, బొమ్మలు వాళ్లే వేస్తారు.