గింజా లైను వెంట ఒక రోజు: టోక్యోలో గైడుతో నగర దర్శనం

టోక్యోలో ఉద్యోగం చేస్తున్న పిల్లల దగ్గరకు శ్రీకాకుళం నుంచి వెళ్లే తల్లిదండ్రులకు ఎదురయ్యే మొదటి చిక్కు, శని, ఆదివారాల్లో తప్ప పిల్లలకు తీరిక దొరకకపోవడం. పనిదినాల్లో ఒక రోజుకు గైడును కుదుర్చుకుంటే ఆ చిక్కు తీరుతుంది. అయితే ఒక్క రోజులోనే ఏడెనిమిది ప్రదేశాలు చుట్టేయాలని చూస్తే సగం పొద్దు రైళ్లు మారడానికే సరిపోతుంది. కాబట్టి అసకుసా నుంచి షిబుయా దాకా నడిచే గింజా మెట్రో లైను ఒక్కదాన్నే నమ్ముకొని, మధ్యలో రెండు మూడు చోట్ల మాత్రమే దిగడం మేలు. 1927లో తొలి భాగం ప్రారంభమైన ఈ లైనుపై 19 స్టేషన్లున్నాయి. షిబుయాకు జీ01, అసకుసాకు జీ19 అని వరుస సంఖ్యలు ఉంటాయి కనుక జపనీస్ అక్షరాలు రానివారికీ ఎక్కడున్నారో తెలుస్తుంది.

ప్రభుత్వ పరీక్షలో ఉత్తీర్ణులై లైసెన్సు పొందిన గైడులు రుసుము తీసుకుంటారు. స్వచ్ఛందంగా వచ్చేవారు రుసుము తీసుకోరు గానీ, వారి రైలు చార్జీలు, ప్రవేశ రుసుములు, చాలాచోట్ల మధ్యాహ్న భోజనం కూడా మనమే భరించాలి. 2018 నుంచి లైసెన్సు లేనివారు కూడా రుసుము తీసుకొని ఈ పని చేయవచ్చు కాబట్టి లైసెన్సు ఉందో లేదో ముందుగానే అడిగి తెలుసుకోవాలి. మీ వయస్సు, మోకాళ్ల నొప్పులు, తినేవీ తిననివీ అన్నీ దాచకుండా రాసి పంపితే, లిఫ్టు ఉన్న ద్వారాలు చూసుకొని గైడు దారి నిర్ణయిస్తారు. తెలుగు వచ్చిన గైడు దొరకడం కష్టం, ఇంగ్లీషుతో సరిపెట్టుకోవాలి.

ఆఫీసు రద్దీ తగ్గాక, పది గంటల ప్రాంతంలో అసకుసాలోని కామినరిమోన్ ద్వారం దగ్గర కలుసుకోండి. ఎర్రని పెద్ద లాంతరుకు ఇరువైపులా ఉన్న విగ్రహాలు వాయుదేవుడివి, ఉరుములదేవుడివి. లోపల సెన్సోజి ఆలయంలో కొలువైన కన్నోన్ మన బోధిసత్వుడు అవలోకితేశ్వరుడే కాబట్టి, శ్రీకాకుళం జిల్లాలోని సాలిహుండం బౌద్ధ క్షేత్రాన్ని చూసినవారికి ఈ పేరు పరాయిదిగా తోచదు. 628లో సుమిదా నదిలో ఇద్దరు అన్నదమ్ముల వలకు ఈ విగ్రహం దొరికిందని అక్కడి స్థలపురాణం. మూలవిగ్రహాన్ని ఎవరికీ చూపించరు. ఈ సంగతి తెలియక మనవాళ్లు గర్భగుడి వైపు మెడలు చాచి చూస్తూ ఉండిపోతారు.

అక్కడ ఒమికుజి అనే చీటీ తీయడం మాత్రం మానవద్దు. వంద యెన్ల నాణెం వేసి, లోహపు డబ్బాను అటూ ఇటూ కదిపితే చిన్న రంధ్రంలోంచి ఒక పుల్ల బయటికి వస్తుంది. దాని మీద ఉన్న అంకెను గైడు చదివి చెబితే, అదే అంకె గల సొరుగు లాగి కాగితం తీసుకోవాలి. ఫలితం బాగా లేకపోతే దిగులు పడనక్కరలేదు, పక్కనే ఉన్న కమ్మీకి ఆ చీటీ ముడివేసి వచ్చేయడం ఆనవాయితీ.

తరువాత ఉయెనోలో దిగండి. షినోబజు చెరువు మధ్యనున్న గుడిలోని బెంజైతెన్ మన సరస్వతీదేవే. జపాన్‌లో ఆమెను సాధారణంగా వీణకు బదులు బివా అనే తంత్రీవాద్యంతో చూపిస్తారు. జులై, ఆగస్టు నెలల్లో చెరువు నిండా తామరలు పూస్తాయి.

భోజనం విషయంలో శాకాహారులు గట్టిగా ఉండాలి. మాంసం వద్దంటే సరిపోదు, ఎందుకంటే సూపుల్లోనూ నూడుల్స్‌లోనూ వాడే దాషి అనే చారు సాధారణంగా ఎండు చేపతోనే కాస్తారు. నన్నడిగితే, ఇంట్లో కలిపి తెచ్చుకున్న పులిహోరను ఉయెనో పార్కు బల్ల మీద కూర్చొని తినడమే సుఖం. చెత్తబుట్టలు అరుదు కనుక ఖాళీ సంచి ఒకటి దగ్గర ఉంచుకోండి.

గింజా దుకాణాలను వదిలేసినా నష్టం లేదు. ఓపిక ఉంటే ఒమొతెసాందోలో దిగి, మెయిజి చక్రవర్తి పేరిట ఉన్న షింటో మందిరానికి నడవండి. 1920లో ప్రతిష్ఠించిన ఆ మందిరం చుట్టూ ఉన్న అడవి, దేశం నలుమూలల నుంచి ప్రజలు విరాళంగా పంపిన సుమారు లక్ష మొక్కలతో పెరిగినది. దారంతా కంకర కాబట్టి మోకాళ్లు సహకరించనివారు మానుకోవాలి. సూర్యాస్తమయానికి తలుపులు మూసేస్తారు. ఇక్కడ రెండుసార్లు వంగి, రెండు చప్పట్లు కొట్టి, మళ్లీ ఒకసారి వంగి మొక్కాలి. సెన్సోజి బౌద్ధాలయం కనుక అక్కడ చప్పట్లు కొట్టరు.

చివరి మజిలీ షిబుయా. శ్రీకాకుళంలోని మన ఏడురోడ్ల కూడలిలో పండుగ రోజు సాయంత్రపు జనాన్ని పది రెట్లు చేసి, హారన్ల మోత తీసేస్తే అక్కడి కూడలి అవుతుంది. యజమాని 1925లో చనిపోయినా, 1935లో తాను చనిపోయేదాకా ఆయన కోసం స్టేషనుకు వస్తూనే ఉన్న హచికో అనే కుక్క విగ్రహం దగ్గర పిల్లలను కలుసుకునే ఏర్పాటు చేసుకోండి. వాళ్లు రాలేకపోతే, ఇంటికి వెళ్లే రైలు గేటు దాకా దిగబెట్టమని గైడును ఉదయమే అడగాలి. టిప్పు ఇచ్చే ఆచారం లేదు. చెల్లించవలసిన సొమ్మును కవరులో పెట్టి, రెండు చేతులతో అందిస్తే మర్యాదగా ఉంటుంది.