వేసవిలో ఇంటివద్ద ఎలక్ట్రిక్ గిటారు చేయబోయేవారు తీసుకోవలసిన జాగ్రత్తలు

వడ్రంగం కొత్తగా నేర్చుకుంటూ, ఈ వేసవి సెలవుల్లో వరండాలోనో మిద్దెమీది రేకుల షెడ్డులోనో ఒక ఎలక్ట్రిక్ గిటారు సొంతంగా తయారు చేసుకుందామని అనుకొనేవారు సాధారణంగా వైరింగు దగ్గర జంకుతారు. నిజానికి గిటారులో తీగల కంపనాన్ని విద్యుత్తుగా మార్చే పికప్‌లు పుట్టించే విద్యుత్తు చాలా స్వల్పం, దానివల్ల ఎవరికీ హాని జరగదు. హాని జరిగేది కట్టెను తొలిచే రౌటర్ మెషీను దగ్గర, థిన్నర్ డబ్బా దగ్గర, ఎర్త్ సరిగా లేని ప్లగ్గు దగ్గర. పని చెడిపోయేది మాత్రం వీటన్నిటికంటె ముందే, కట్టె కొనేచోట. అందువల్ల కట్టె సంగతి కొంచెం వివరంగా చెప్పవలసి ఉంది.

చెక్క ఎంత పాతదైనా చుట్టూ ఉన్న గాలిని బట్టి తేమను పీల్చుకుంటూ, వదులుతూ ఉంటుంది. గాలిలో తేమ 30 శాతం ఉన్నప్పుడు చెక్కలో నిలిచే తేమ సుమారు 6 శాతం. గాలిలో తేమ 75 శాతానికి పెరిగితే చెక్కలోనిది 14 శాతం వరకు చేరుతుంది. అనంతపురంలో ఏప్రిల్, మే నెలల మధ్యాహ్నాలు మొదటి లెక్కకు దగ్గరగా ఉంటే, ముసురు పట్టిన సెప్టెంబరు రాత్రులు రెండో లెక్కకు దగ్గరగా ఉంటాయి. ఈ మార్పువల్ల చెక్క నిలువునా దాదాపు కదలదు గాని అడ్డంగా కుంచించుకుపోతుంది, ఉబ్బుతుంది. టింబరు డిపోలో పచ్చిగా ఉన్న పలకను కొని, మే నెలలో వెంటనే కోసి గిటారు బాడీగా అతికిస్తే, నెల తిరగకముందే అతుకు విడివడటమో, పలక వంపు తిరగటమో జరిగే అవకాశం ఉంది.

నీడలో గాలికి ఆరబెట్టే కట్టెకు అంగుళం మందానికి ఏడాది చొప్పున పడుతుందన్నది వడ్రంగుల లెక్క. గిటారు బాడీ మందం 44 మిల్లీమీటర్లు, అంటే పావు తక్కువ రెండు అంగుళాలు కాబట్టి, ఎప్పుడు కోసినదో డిపోవారు చెప్పలేని పలకను ఆ సెలవుల్లోనే వాడాలనుకోవడం మంచిది కాదు. తేమ కొలిచే మీటరు లేనివారు కిరాణా కొట్టు తూకంతోనే పని జరుపుకోవచ్చు. పలకను ఇంట్లో నీడపట్టున, కింద రెండు సన్నని కర్రలు పెట్టి గాలి ఆడేలా ఉంచి, వారానికి ఒకసారి తూచి, ఆ బరువును పలక మీదనే పెన్సిలుతో రాసుకుంటూ పోవాలి. వరుసగా రెండు మూడు వారాలు అంకె మారకుండా నిలిస్తే ఆ కట్టె మన ఇంటి గాలికి అలవాటు పడినట్టే. తొందరగా ఆరుతుందని మిద్దెమీద ఎండలో పడేస్తే మాత్రం పలక కొసలు నోళ్లు తెరుస్తాయి. కూలరు ఎదురుగా ఉంచడం అంతకంటె చెడ్డది: ఒకవైపు తడిగాలి, మరోవైపు పొడిగాలి తగిలి పలక పళ్లెంలాగా వంగిపోతుంది. ఈ జాగ్రత్త తయారైన గిటారుకు కూడా వర్తిస్తుంది.

రాయలసీమ పట్టణాల్లో పాత మిద్దె ఇళ్లు పడగొట్టినప్పుడు దూలాలు, దంతెలు, ద్వారబంధాలు అమ్మకానికి వస్తాయి. దశాబ్దాల తరబడి ఎండిన ఈ టేకు, మొదటి గిటారుకు కొత్త పలకకంటె నమ్మకమైనదని నా అభిప్రాయం. అయితే అందులో తుప్పు పట్టిన మేకులు తల విరిగి లోపలే ఉండిపోతాయి. తిరుగుతున్న రౌటర్ బిట్టుకు అలాంటి మేకు తగిలితే బిట్టు పెచ్చులై ముఖంమీదికి ఎగురుతుంది. కాబట్టి పాత స్పీకరులోనుంచి తీసిన అయస్కాంతాన్ని పలక నాలుగు ముఖాల మీదా మెల్లగా నడిపించాలి. టేకులో ఇనుము ఉన్నచోట చుట్టూ నీలి నలుపు మచ్చ కూడా కనిపిస్తుంది. పుచ్చు రంధ్రాలు ఉన్నంత మాత్రాన కట్టెను పారేయనక్కరలేదు. బ్రిటిష్ గిటారిస్టు బ్రయాన్ మే 1963లో తన తండ్రితో కలిసి ఇంట్లోనే గిటారు తయారు చేయడం మొదలుపెట్టినప్పుడు, తీగల కింద పొడుగ్గా సాగే మెడ, అంటే నెక్‌కు పాత ఇంటి నిప్పుగూటి చట్రం కట్టెను వాడి, దానిలోని పురుగు రంధ్రాలను అగ్గిపుల్లలతో పూడ్చుకున్నాడు. ఆ గిటారునే దశాబ్దాల తరబడి వేదికలమీద వాయిస్తూ వచ్చాడు. పురుగు ఇంకా బతికే ఉన్నదా, చితికిన మేర ఎంత అన్నది మాత్రం చూసుకోవాలి. కట్టెను తట్టినప్పుడు రంధ్రాలలోనుంచి కొత్త పిండి రాలితే ఆ ముక్కను ఇంట్లోకే తేకూడదు. టేకు అందమైనదే గాని బరువైనది కూడా. అచ్చంగా టేకుతో చేసిన బాడీ ఒక్కటే రెండున్నర కిలోలు దాటవచ్చు.

కడప చుట్టుపక్కల వారికి ప్రత్యేకంగా చెప్పవలసిన మాట ఒకటి ఉంది. శేషాచలం, పాలకొండలు, లంకమల ప్రాంతాల్లో పెరిగే ఎర్రచందనం ముక్క ఎవరైనా 'ఫ్రెట్ బోర్డుకు (వేళ్లు నొక్కే పట్టీకి) బాగుంటుంది' అని చవకగా ఇస్తానంటే ముట్టుకోకూడదు. అనుమతి పత్రాలు లేకుండా దానిని కొనడం, దగ్గర ఉంచుకోవడం, తరలించడం నేరం. ముక్క చిన్నదని చట్టం వదిలిపెట్టదు. ఏ కట్టె కొన్నా డిపో రసీదు దాచుకోవాలి.

నెక్‌ను మొదటిసారే సొంతంగా చేయవద్దని నా సలహా. 648 మిల్లీమీటర్ల తీగ పొడవుకు మొదటి ఫ్రెట్, అంటే స్వరస్థానంలో దిగే లోహపు కమ్మీ, నెక్ పైకొసన తీగలు ఆనే నట్‌నుంచి 36.4 మిల్లీమీటర్ల దూరంలో పడాలి. ఆపైన ప్రతి ఫ్రెట్‌కు మిగిలిన పొడవును 17.817తో భాగించుకుంటూ పోవాలి. ఒక గాడి అర మిల్లీమీటరు తప్పినా ఆ స్వరం ఎప్పటికీ అపస్వరంగానే పలుకుతుంది. 1950లో లియో ఫెండర్ సంస్థ మార్కెట్లోకి తెచ్చిన నమూనాలో నెక్‌ను బాడీకి నాలుగు స్క్రూలతో బిగించారు. ఆ పద్ధతి ఉన్నందువల్లనే ఇప్పుడు తయారుగా ఉన్న నెక్‌ను కొనుక్కొని, బాడీని మాత్రం మన చేతులతో చేసుకొనే వీలు కలుగుతున్నది. నెక్ చేతికి వచ్చేదాకా బాడీలో దానికి గాడి తవ్వకూడదు, ఎందుకంటే ఆ గాడిలో దిగే నెక్ మడమ వెడల్పులు ఒక్కొక్క తయారీదారుకు కొంచెం తేడాగా ఉంటాయి.

ఇక రౌటర్. నిమిషానికి ఇరవై వేల సార్లకు పైగా తిరిగే ఈ మెషీను ముందు లుంగీ, భుజంమీద తువ్వాలు, చున్నీ, మెడలో గొలుసు, చేతికి కంకణం ఏవీ ఉండకూడదు. చేతి తొడుగులు కూడా వద్దు, బిట్టు వాటిని పట్టుకుంటే వేళ్లను కూడా లాక్కుంటుంది. చెప్పులు విడిచి పనిచేసే అలవాటు మనవాళ్లకు ఎక్కువ. ఇక్కడ మూసిన బూట్లు తప్పనిసరి. కళ్లద్దాలు, చెవి మూతలు, ఎన్95 మాస్కు పెట్టుకున్న తరువాతనే ప్లగ్గు పెట్టాలి. కట్టె దుమ్మును క్యాన్సరు కలిగించే పదార్థాల జాబితాలో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ చేర్చి చాలాకాలమైంది. టేకు, ఇరుగుడు దుమ్ము కొందరికి చర్మంమీద దద్దుర్లు కూడా తెప్పిస్తుంది. కాబట్టి ఇంట్లో చిన్నపిల్లలు పడుకొనే గదిపక్కన ఈ పని పెట్టుకోకూడదు.

ముందుగా 12 మిల్లీమీటర్ల ఎం.డి.ఎఫ్. (కట్టె నారను అదిమి చేసిన) పలకతో ఆకారపు అచ్చు తయారు చేసుకోవాలి. బాడీని గీతకు రెండు మిల్లీమీటర్లు బయటగా రంపంతో కోసి, మిగిలినదాన్ని మాత్రమే అచ్చు అంచు వెంట నడిచే బేరింగు ఉన్న బిట్టుతో తీయాలి. ఒక్కసారికి మూడు నాలుగు మిల్లీమీటర్ల లోతు చాలు. బాడీ బయటి అంచు చుట్టూ రౌటర్‌ను గడియారపు ముల్లుకు ఎదురు దిశలో, లోపలి గుంతలలో ముల్లు తిరిగే దిశలో నడపాలి. ఈ దిశ తప్పితే మెషీను చేతిలోనుంచి ముందుకు దూకుతుంది. బాడీలో నెక్ పక్కన పొడుచుకొచ్చే కొమ్ముల కొసల దగ్గర నార ఎదురు తిరుగుతుంది కాబట్టి అక్కడ ఇంకా పలుచగా, ఒకటి రెండు మిల్లీమీటర్ల చొప్పున తీయాలి. లేకపోతే కొమ్ము కొస చీలి పేడులాగా లేచిపోతుంది. బిట్టు మార్చేటప్పుడు స్విచ్చి ఆపితే చాలదు, ప్లగ్గు పీకాలి.

వేసవిలో మన దగ్గర మరొక ప్రమాదం ఉంది. పని మధ్యలో కరెంటు పోతుంది, మెషీను ఆగిపోతుంది, స్విచ్చి మాత్రం 'ఆన్'లోనే ఉండిపోతుంది. మనం బల్లమీద దానిని వదిలి నీళ్లు తాగడానికి వెళ్లినప్పుడు కరెంటు తిరిగి వస్తే రౌటర్ తనంతట తానే తిరుగుతూ బల్లమీదినుంచి పాకుతుంది. కరెంటు పోయిన క్షణంలోనే స్విచ్చి ఆపి, ప్లగ్గు తీసి, ఆ తరువాతనే చెమట తుడుచుకోవాలి. మధ్యాహ్నం పన్నెండునుంచి నాలుగు వరకు మెషీను పని పెట్టుకోకపోవడమే మేలు. చెమటతో చేతులు జారుతాయి, ఎండకు తల తిరుగుతుంది. పైగా ఇరుగుపొరుగు వారు నిద్రపోయే సమయం అది.

నెక్ గాడి లోతు సాధారణంగా 16 మిల్లీమీటర్లు. 44 లోనుంచి 16 తీసివేస్తే బాడీలో 28 మిల్లీమీటర్లు మిగులుతుంది. 45 మిల్లీమీటర్ల స్క్రూ, వెనుక బిళ్ల మందం పోను, నెక్‌లోకి సుమారు 15 మిల్లీమీటర్లు దిగుతుంది. ఈ లెక్క కాగితంమీద వేసుకోకుండా పొడవాటి స్క్రూ బిగిస్తే అది ఫ్రెట్ బోర్డును పొడుచుకొని పైకి వస్తుంది. డ్రిల్లు బిట్టుకు లోతు గుర్తుగా టేపు చుట్టుకోవాలి. గట్టి కట్టెలో స్క్రూ తల తెగకుండా ముందు రంధ్రం చేసి, స్క్రూకు కొవ్వొత్తి మైనం రాయాలి. బాడీమీద తీగలు ఆనే బ్రిడ్జి రంధ్రాలు అన్నిటికంటె చివర. నెక్ బిగించిన తరువాత నట్‌నుంచి పన్నెండో ఫ్రెట్ వరకు కొలిచి దానిని రెట్టింపు చేస్తే తీగ పొడవు వస్తుంది. రెండు అంచు తీగల స్థానంలో దారం లాగి కట్టి, ఆ దారాలు ఫ్రెట్ బోర్డు రెండు అంచులకూ సమాన దూరంలో ఉన్నాయని కంటితో చూసుకున్నాకే బ్రిడ్జికి గుర్తు పెట్టాలి.

రెండు పలకలను అతికించి బాడీ చేసేవారు జిగురు పనిని తెల్లవారుజామున పెట్టుకోవాలి. నలభై డిగ్రీల వేడిలో ఫెవికాల్ పూసిన కొద్ది నిమిషాలకే పైపొర కట్టిపోయి, క్లాంపు బిగించేసరికి పట్టు తగ్గిపోతుంది. టేకులో సహజంగా నూనె ఉంటుంది కాబట్టి అతికే ముఖాలను చిత్రిక పట్టిన రోజే, అసిటోను అద్దిన గుడ్డతో తుడిచి అతికించాలి.

పాలిషు దశలో నిప్పే ప్రధాన ప్రమాదం. థిన్నరు ఆవిరి గాలికంటె బరువైనది. నేలవెంట పాకి వంటగదిలోని స్టవ్వునో పూజగదిలోని దీపాన్నో చేరగలదు. తలుపులు మూసిన గదిలో లాక్కర్ కొట్టకూడదు. రెండు డబ్బాలు కలిపి కొట్టే పీయూ (పాలీయురెథేన్) పాలిషులో ఊపిరితిత్తులకు హాని చేసే ఐసోసయనేట్లు ఉంటాయి, వాటిని దుమ్ము మాస్కు ఆపలేదు. ఆ పని స్ప్రే బూత్ ఉన్న పెయింటరుకు అప్పగించడం మంచిది. అవిసె నూనెతో సరిపెట్టుకొనేవారికి మరో హెచ్చరిక: నూనె గుడ్డలను ముద్దగా చుట్టి మూలన పడేస్తే అవి లోలోపల వేడెక్కి వాటంతట అవే అంటుకుంటాయి. ఒక్కొక్క గుడ్డను విప్పి బయట విడివిడిగా ఆరవేయాలి, లేదా నీళ్లున్న డబ్బాలో ముంచాలి.

సోల్డరింగులో మామూలు జాగ్రత్తలు చాలు: పొగ పీల్చకూడదు, సీసం ముట్టిన చేతులతో తినకూడదు. పికప్‌లు బిగించాక దగ్గరలో స్టీలు ఊలు వాడకూడదు, దాని పొడిని అయస్కాంతాలు వదలవు. అసలు జాగ్రత్త ఆంప్లిఫయరు దగ్గర. గిటారు తీగలు బ్రిడ్జి ద్వారా ఆంప్లిఫయరు ఎర్త్‌కు కలిసి ఉంటాయి. ఆంప్లిఫయరులో లోపం ఉండి, ఇంటి ఎర్త్ పనిచేయకపోతే 230 వోల్టులు నేరుగా మన వేళ్లకు చేరతాయి. మన నేలల్లో మే నెలకు ఎర్త్ గుంత ఎండిపోయి, పేరుకు మాత్రమే మిగులుతుంది. అందుకని గుంతలో నీళ్లు పోయించి, ఎలక్ట్రీషియనుచేత పరీక్ష చేయించి, కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీఆంపుల ఆర్.సి.సి.బి. ఉన్న సాకెట్టునుంచే వాడాలి. మూడో పిన్ను విరిచిన ప్లగ్గుతో, ఒట్టి కాళ్లతో తడి గచ్చుమీద నిలబడి ఎప్పుడూ వాయించకూడదు. తీగలు ముట్టుకుంటే గుయ్యిమనే శబ్దం తగ్గడం సహజం. వేళ్లు జిల్లుమంటే మాత్రం వెంటనే మెయిన్ ఆపాలి.

ఆరు తీగలు శ్రుతిలోకి వచ్చేసరికి నెక్‌మీద దాదాపు 45 కిలోల లాగుడు పడుతుంది. అందువల్ల తీగలను ఒక్కసారే బిగించకుండా, అన్నిటినీ కొంచెం కొంచెంగా పెంచుకుంటూ పోవాలి. అప్పుడు కళ్లద్దాలు తీయకూడదు. ఆ రాత్రికి అలాగే ఉంచి, మరునాడు నెక్ వంపు చూసి, అవసరమైతే నెక్ లోపల ఉండి వంపును సరిచేసే ట్రస్ రాడ్‌ను పావు చుట్టుకు మించకుండా తిప్పాలి. జూలైలో గాలి తేమెక్కిన తరువాత ఇదే పరీక్ష మళ్లీ చేయాలి. వచ్చే మార్చిలో ఫ్రెట్ బోర్డు కుంచించుకొని ఫ్రెట్ కొసలు చేతికి గీసుకుంటే, చిన్న ఆకురాయితో ఆ కొసలను మాత్రం అరగదీయాలి.