రైల్స్ ట్యూబ్‌తో ఇంట్లో ఫీడ్ పెట్టడం, మేం చేసే పద్ధతి

మా అత్తయ్యకి స్ట్రోక్ వచ్చి మింగడం పోయింది. డిశ్చార్జి రోజు ముక్కులో రైల్స్ ట్యూబ్ (ముక్కు నుంచి పొట్టలోకి వెళ్ళే సన్నటి గొట్టం, ఫీడ్ అంటే పల్చటి ఆహారం దీంట్లోంచే పోస్తాం) ఉంచే ఇంటికి పంపారు. సిస్టర్ రెండు నిమిషాలు చూపించి "అంతే అమ్మా, ఈజీనే" అని వెళ్ళిపోయింది. ఈజీనే, కానీ తొందర ఉన్నవాళ్ళకి కాదు. మీ డాక్టర్ చెప్పిన కొలతలు వేరే ఉంటే అవే ఫాలో అవ్వండి.

ముందు మనిషిని లేపి కూర్చోబెట్టాలి. కూర్చోలేకపోతే మంచం తల వైపు ఎత్తి, వీపు వెనక దిండ్లు పెట్టి కనీసం 30 నుంచి 45 డిగ్రీలు ఉండేలా చూడాలి. తల కింద ఒక్క దిండు పెడితే మెడ వంగుతుందే తప్ప ఛాతీ పైకి లేవదు, మేం మొదటి రోజు చేసిన తప్పు అదే. పడుకోబెట్టి అస్సలు పెట్టొద్దు, ఫీడ్ వెనక్కి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోతే నిమోనియా వస్తుంది.

తర్వాత ట్యూబ్ జరిగిందేమో చూడాలి. ముక్కు దగ్గర ట్యూబ్ మీద మార్కర్‌తో గీత పెట్టించుకోండి, ఆ గీత బయటికి వచ్చేసినా, ట్యూబ్ నోట్లో చుట్టుకుని కనిపించినా ఫీడ్ ఆపేసి హాస్పిటల్‌కి ఫోన్ చేయాల్సిందే. గీత సరిగ్గానే ఉంటే 50 ఎంఎల్ సిరంజి పెట్టి మెల్లగా వెనక్కి లాగండి, పొట్టలో రసం వస్తుంది. పీహెచ్ స్ట్రిప్ (యాసిడ్ ఎంత ఉందో చూపించే కాగితం) దొరికితే దాని మీద ఒక చుక్క వేసి చూడండి, 5.5 లేదా అంతకన్నా తక్కువ రావాలి. గాలి కొట్టి స్టెత్‌తో గుడగుడ వినే పాత పద్ధతి ఉంది కదా, దాన్ని నమ్మొద్దు, ట్యూబ్ ఊపిరితిత్తుల్లో ఉన్నా ఆ సౌండ్ వినిపించొచ్చు. లాగినప్పుడు ఇందాకటి ఫీడ్ ఎక్కువగా వస్తే, మాకు 100 ఎంఎల్ దాటితే అన్నారు, దాన్ని మళ్ళీ లోపలికే పంపి ఆ పూట ఆపి గంట తర్వాత చూడమన్నారు. రక్తం గానీ కాఫీ పొడిలాంటి రంగు గానీ కనిపిస్తే మాత్రం ఏమీ పెట్టకుండా వెంటనే డాక్టర్‌కి చెప్పండి.

ఇక ఫీడ్. సిరంజిలో ఉండే పిస్టన్ తీసేసి, ట్యూబ్‌ని వేళ్ళతో మడిచి పట్టుకుని సిరంజి బిగించి, ముందు 30 ఎంఎల్ కాచి చల్లార్చిన నీళ్ళు పోయాలి. తర్వాత ఫీడ్ పోసి సిరంజిని నోటికన్నా జానెడు పైకి పట్టుకుంటే దానంతటదే దిగుతుంది. పిస్టన్‌తో తోయొద్దు!! 200 ఎంఎల్ దిగడానికి 15-20 నిమిషాలు పట్టాలి, మరీ స్పీడుగా పోతుంటే సిరంజి కొంచెం కిందికి దించండి. సిరంజి పూర్తిగా ఖాళీ అవ్వకముందే మళ్ళీ పోస్తుండాలి, లేకపోతే గాలి వెళ్ళి పొట్ట ఉబ్బుతుంది. అయ్యాక మళ్ళీ 30 ఎంఎల్ నీళ్ళు, ట్యూబ్ మడిచి సిరంజి తీసి మూత. గంట సేపు అలాగే కూర్చోబెట్టి ఉంచండి. మధ్యలో దగ్గు, ఆయాసం, పెదాలు నీలంగా మారడం ఏది కనిపించినా అక్కడితో ఆపేసి అంబులెన్స్‌కి 108కి కొట్టండి.

ఏం పెట్టాలో డైటీషియన్ రాసిస్తారు, మాకు పాలు, రాగి జావ, పప్పు తేట, పౌడర్ ఫీడ్ రాశారు. రాగి జావతో జాగ్రత్త, వేడిగా ఉన్నప్పుడు పల్చగానే ఉండి చల్లారేసరికి గరిటె నిలబడేంత చిక్కబడుతుంది, అందుకే చల్లారాక చూసి నీళ్ళు కలిపి పల్చటి గుడ్డలో వడకట్టండి. పాల మీద మీగడ చిన్న ముక్క వెళ్ళినా ట్యూబ్ మూసుకుపోతుంది. గోరువెచ్చగా ఉంటే చాలు, మణికట్టు మీద చుక్క వేసి చూసుకోండి. కలిపింది బయట 2 గంటలు దాటితే పారబోయండి.

మాత్రలు ఫీడ్‌లో కలపొద్దు. ఒక్కోటి విడిగా మెత్తగా పొడి చేసి, నీళ్ళలో కరిగించి, మధ్యమధ్యలో నీళ్ళు పోస్తూ ఇవ్వాలి. కానీ అన్నీ పొడి చేయకూడదు. గ్యాస్‌కి ఇచ్చే పాంటోప్రజోల్ మాత్రకి పై పూత ఉంటుంది, పొడి చేస్తే పని చేయదు, ఎస్ఆర్ (మందుని మెల్లమెల్లగా వదిలే మాత్ర) అని ఉన్నవాటిని పొడి చేస్తే మందంతా ఒకేసారి ఒంట్లోకి పోతుంది. ఫిట్స్ మందు ఫెనిటాయిన్ అయితే ఫీడ్‌కీ దానికీ మధ్య గ్యాప్ కావాలి, ఎంతో డాక్టర్‌నే అడగండి.

ట్యూబ్ మూసుకుపోతే సిరంజిలో గోరువెచ్చని నీళ్ళు తీసుకుని పిస్టన్‌ని మెల్లగా ముందుకీ వెనక్కీ ఆడించండి, కూల్‌డ్రింకులు పోయడం, వైరు దూర్చడం వద్దు. నోటితో తినట్లేదని నోరు వదిలేయొద్దు, రోజుకి రెండు సార్లైనా తడి గుడ్డతో తుడవాలి. ముక్కు ప్లాస్టర్ చెమటకి ఊడుతుంటుంది, మార్చినప్పుడల్లా గీత చూసి, చర్మం ఎర్రబడితే కొత్తది కాస్త పక్కకి అంటించండి.

అత్తయ్య ఒకసారి రాత్రి రెండింటికి ట్యూబ్ పూర్తిగా లాగేసుకుంది. మా ఆయన మళ్ళీ పెట్టేద్దాం అన్నారు, నేను పెట్టనివ్వలేదు, పొద్దున హాస్పిటల్‌లో కొత్తది వేసి ఎక్స్‌రే చూశాకే ఫీడ్ పెట్టమన్నారు. ఇప్పుడు డాక్టర్‌ని అడిగి రాత్రుళ్ళు ఆవిడ చేతికి వదులైన కాటన్ సాక్సు తొడుగుతున్నాం, దాన్ని చూస్తే మొహం చిట్లిస్తుంది గానీ ఊరుకుంటుంది.