అల్లరికి ముందు నిమిషం: ఆత్మపరిశీలనతో తరగతి నిర్వహణ

తరగతిలో అల్లరి చెలరేగినప్పుడు ఉపాధ్యాయుల దృష్టి సహజంగానే అల్లరి చేసిన విద్యార్థి మీదికి పోతుంది. అతని స్వభావం, ఇంటి పరిస్థితులు, కింది తరగతుల్లో తెచ్చుకున్న పేరు వరుసగా గుర్తుకు వస్తాయి. వీటిలో కొంత నిజం ఉండవచ్చు గాని, అవేవీ మన చేతిలో ఉన్నవి కావు. ఆత్మపరిశీలనను అలవాటు చేసుకున్న ఉపాధ్యాయులు ముందుగా మరో ప్రశ్న వేసుకుంటారు: అల్లరికి ముందు నిమిషంలో తరగతిలో ఏం జరుగుతోంది, అప్పుడు నేనేం చేస్తున్నాను?

పని సాగుతుండగానే చేసే పరిశీలనను, పని ముగిశాక చేసే పరిశీలనను అమెరికన్ విద్యావేత్త డొనాల్డ్ షాన్ 1983లో వేరుచేసి చూపించాడు. ప్రవర్తన విషయంలో రెండవదానితో మొదలుపెట్టడం మేలు, ఎందుకంటే గొడవ మధ్యలో ఉన్నప్పుడు ఎవరికైనా ఆలోచన కన్నా ఆవేశమే ముందు వస్తుంది. ఇందుకోసం ఒక నోటు పుస్తకం పెట్టుకుని, సంఘటన జరిగిన రోజునే రాసుకోవాలి. పీరియడ్‌లో ఎంత సమయం గడిచింది, పిల్లలకు ఏ పని ఇచ్చాం, విద్యార్థి ఏం చేశాడు, మనం ఏమన్నాం, ఆ తర్వాత ఏమైంది అన్నవి ఉంటే చాలు. 'మొండిగా ప్రవర్తించాడు' అని కాకుండా 'రెండుసార్లు పక్కవాడి పుస్తకం లాగాడు' అని రాయాలి. మొదటిది మన తీర్పు, రెండవది కంటికి కనిపించిన విషయం. సజావుగా సాగిన పీరియడ్ల గురించి కూడా రాయాలి. చాలామంది వదిలేసేది ఇదే, కానీ పోల్చి చూడడానికి అవి లేకపోతే పుస్తకం నిండా ఫిర్యాదులే మిగులుతాయి.

రెండు వారాల తర్వాత అన్నింటినీ ఒక్కసారి చదివితే, విడివిడిగా కనిపించని పోలికలు బయటపడతాయి. ఒక పని ముగించి మరో పని మొదలుపెట్టే సందులోనే గొడవలు ఎక్కువని తేలవచ్చు. అమెరికన్ మనస్తత్వవేత్త జేకబ్ కూనిన్ 1970లో ప్రచురించిన పరిశోధన ఇక్కడ పనికి వస్తుంది. తరగతిని చక్కగా నడిపే ఉపాధ్యాయులకూ, నడపలేకపోయేవారికీ మధ్య తేడా తప్పు జరిగాక మందలించే తీరులో అంతగా కనిపించలేదు. గది అంతటా ఏం జరుగుతోందో గమనిస్తూ ఉండడం, ఒకేసారి రెండు విషయాలు చూసుకోగలగడం, పాఠం తెగిపోకుండా ఒక పని నుంచి మరో పనికి తీసుకుపోవడం, ఇలా ముందుగా చేసే పనుల్లోనే తేడా కనిపించింది. కాబట్టి పని మార్చేటప్పుడు అందరి చేతులూ ఆగి, చూపులు మనవైపు తిరిగేదాకా మాట్లాడకూడదు. ఆ తర్వాత ఏం చేయాలో, ఎంతసేపట్లో చేయాలో, ముందే ముగించినవారు ఏం చేయాలో మూడు చిన్న వాక్యాల్లో చెప్పాలి. బోర్డు మీద రాస్తూ వెనుదిరిగి ఇచ్చిన సూచన సగం మందికి చేరదు. చేరనివారు పక్కవారిని అడుగుతారు, ఆ అడగడమే మనకు అల్లరిగా వినిపిస్తుంది.

ప్రశ్న అడిగిన తర్వాత మనం ఎంతసేపు ఆగుతున్నామో కూడా చూసుకోవాలి. ఉపాధ్యాయులు సాధారణంగా ఒక సెకను లేదా అంతకన్నా తక్కువే ఆగుతున్నారనీ, కనీసం 3 సెకన్లు ఆగితే జవాబులు పెద్దవవుతాయనీ, ఎక్కువ మంది పాల్గొంటారనీ అమెరికన్ విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో పరిశీలనల్లో తేలింది.

ఒక్కో ప్రవర్తన వల్ల విద్యార్థికి ఏం దక్కుతోందో ఆలోచించడం ఇంకా ముఖ్యం. లెక్క ఇవ్వగానే గోల చేసే పిల్లవాడిని ప్రతిసారీ బయట నిలబెడితే, రాని లెక్క తప్పించుకునే దారి మనమే చూపించినట్లవుతుంది. మనం శిక్ష అనుకున్నది అతనికి ఊరట. అలాంటప్పుడు లెక్కను చిన్న మెట్లుగా విడగొట్టి, మొదటి మెట్టు అతనితో కలిసి చేసి చూడాలి. అలాగే నోటు పుస్తకంలో ఎవరి పేర్లు పదేపదే వస్తున్నాయో లెక్కపెట్టాలి. బాగా చదివే విద్యార్థి చేస్తే నవ్వి ఊరుకున్న పనికే మరొకరిని మందలించామా? ఈ ప్రశ్నకు జవాబు కొంచెం ఇబ్బంది పెడుతుంది, అయినా వేసుకోక తప్పదు, ఎందుకంటే మనకన్నా ముందు పిల్లలే ఆ తేడాను పసిగడతారు.

కారణం తోచగానే నాలుగు మార్పులు ఒకేసారి చేస్తే ఏది పనిచేసిందో తెలియదు. ఒక్కటే మార్చి, రెండు వారాలు అదే పద్ధతిలో రాసుకోవాలి. వీలైతే సహోద్యోగిని ఒక పీరియడ్ వెనుక కూర్చోమని, మీరు గదిలో ఏ మూలకు వెళ్లడం లేదో, ఎవరిని ప్రశ్నలు అడగడం లేదో మాత్రమే గుర్తించమని కోరండి. 'పాఠం ఎలా ఉంది' అని అడిగితే మర్యాదకు బాగుందంటారు. పిల్లలను కూడా పేరు రాయకుండా చీటీల మీద, ఏం చేయాలో తెలియక ఎక్కడ ఆగిపోయారో రాయమనవచ్చు.

అయితే అన్ని కారణాలూ మన పాఠంలోనే వెతకకూడదు. ఒక విద్యార్థి ప్రవర్తన ఉన్నట్టుండి మారినా, వేధింపులు, దెబ్బలాటలు కనిపించినా, తనకు తాను హాని చేసుకుంటున్నట్లు అనుమానం వచ్చినా, నోటు పుస్తకం నిండేదాకా ఆగకుండా ఆ రోజే ప్రధానోపాధ్యాయులకు, పాఠశాలలో కౌన్సెలర్ ఉంటే వారికి తెలియజేయాలి. సూచనలు పదేపదే అందుకోలేకపోతున్న పిల్లల విషయంలో చూపు, వినికిడి పరీక్షలు చేయించమని తల్లిదండ్రులకు చెప్పడం మంచిది.